సందు దొరక్కపోతే దొంగ ఏం చేస్తాడు?

1980లో అప్పటి పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. తలలు పగలకుండా చూడాలన్నదే దాని ఉద్దేశం. దొంగతనాల ఊసే అందులో లేదు. కానీ ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986 నాటికి 54 వేలకు పడిపోయాయి. కారణం చాలా మామూలుది. రోడ్డు పక్కన బండి కనిపించగానే ఎత్తుకుపోయేవాడి చేతిలో హెల్మెట్ ఉండదు. అది లేకుండా నడిపితే ఏదో ఒక మలుపులో పోలీసులు ఆపుతారు. ముందే పథకం వేసుకుని, హెల్మెట్ కూడా వెంట తెచ్చుకునే దొంగలు ఆగలేదు. మిగతా మూడింట రెండు వంతుల దొంగతనాలు ఆగిపోయాయి. ఆ దొంగలంతా కార్ల మీదో సైకిళ్ల మీదో పడ్డారా అని లెక్కలు తీస్తే, ఆ లోటు పూడేంతగా అవేమీ పెరగలేదు.

నేరం అనగానే మనసు నేరస్థుడి మీదికే పోతుంది. వాడు అలా ఎందుకు తయారయ్యాడు, శిక్షలు సరిపోతున్నాయా, పోలీసులు ఏం చేస్తున్నారు? అవసరమైన ప్రశ్నలే, కాకపోతే ఒక వీధిలో కాపురం ఉండేవాళ్లు వీటిలో ఏదీ తేల్చలేరు. వాళ్ల చేతిలో ఉన్నది దొంగకు సందు దొరుకుతుందా లేదా అన్నదే. 1979లో అమెరికన్ పరిశోధకులు లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. నేరం చేయాలనుకునేవాడు ఉండాలి, వాడికి పనికొచ్చే వస్తువో మనిషో ఉండాలి, అడ్డుపడేవాళ్లు లేకుండా ఉండాలి. ఈ మూడూ ఒకేచోట, ఒకే సమయానికి కలిస్తేనే నేరం జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఆదాయాలు, చదువులు పెరుగుతున్నా దొంగతనాలు ఎందుకు పెరిగాయన్నది వాళ్లను తొలిచిన ప్రశ్న. ఆడవాళ్లు కూడా ఉద్యోగాలకు వెళ్లడంతో పగటిపూట ఇళ్లు ఖాళీగా ఉంటున్నాయి. ఇళ్లలో సామాన్లు కూడా తేలికవుతున్నాయి. ఒక పెద్ద కంపెనీ కేటలాగులో 1960లో అన్నిటికంటే తేలికైన టీవీ బరువు సుమారు 17 కిలోలు. పదేళ్ల తర్వాత అది 7 కిలోలు. దొంగ బుద్ధి అదే, టీవీ మాత్రం చంకలో ఇమిడేంత అయింది.

ఈ లెక్కలో అడ్డుపడేవాళ్లంటే పోలీసులే కానక్కర్లేదు. పోలీసు జీపు ఒక వీధిలో రోజుకు ఎన్ని నిమిషాలు ఉంటుంది? బట్టలు ఆరేయడానికి మేడెక్కినవాళ్లు, కుక్కను తిప్పుతున్నవాళ్లు, పిల్లల కోసం గేటు దగ్గర నిలబడ్డవాళ్లు రోజంతా ఉంటారు. తాము కాపలా కాస్తున్నామని వాళ్లకే తెలియదు. కానీ దొంగ వాళ్లను చూసే ముందుకు రావాలో వద్దో తేల్చుకుంటాడు.

తాళం, గొళ్లెం

"తాళం వేసితిని, గొళ్లెం మరచితిని" అన్న సామెత ఎంత పాతదో గానీ, ఇప్పటికీ చాలామంది దొంగలు బతుకుతున్నది దాని మీదే. ముందు తలుపుకు ఖరీదైన తాళం, వెనక కిటికీ బార్లా. పక్కింటికే కదా అని తలుపు దగ్గరగా వేసి వెళ్లడం. తాళంచెవి పూలకుండీ కింద దాచడం (ఆ కుండీ సంగతి దొంగకు కూడా తెలుసు). ఒక్క నిమిషంలో వస్తానని ఇంజన్ ఆన్‌లో ఉంచే కారు దిగడం. ఇవి చెప్పడానికి పరిశోధనలు అక్కర్లేదు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

ఇళ్లలో దొంగతనాలు చేసినవాళ్లను కూర్చోబెట్టి పరిశోధకులు చాలాసార్లు ప్రశ్నించారు. ఎలాంటి ఇల్లు వద్దనుకుంటారు అని అడిగితే తాళం మాట తర్వాత వస్తుంది. లోపల మనిషి ఉన్నట్టు అనిపిస్తే పోం అన్నదే తరచుగా వచ్చే జవాబు. అంటే ఊరెళ్లినప్పుడు ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందన్నది తాళమంత ముఖ్యం. గేటు దగ్గర నాలుగు రోజుల పేపర్లు, తలుపు ముందు ఎవరూ తీయని పార్శిల్, పట్టపగలు కూడా వెలుగుతున్న వరండా లైటు చూస్తే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. టూర్ ఫొటోలు అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పెడితే ఆ బోర్డు ఇంకా పెద్దదవుతుంది. పక్కింటివాళ్లు పేపర్లు తీసి, సాయంత్రం ఒక లైటు వేసి, ఖాళీ పార్కింగ్‌లో తమ బండి పెడితే ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. పైసా ఖర్చు లేదు. కాకపోతే అలా అడగాలంటే ముందు నుంచీ మాటలు ఉండాలి. తాళం కొనుక్కోవడానికి పది నిమిషాలు చాలు. ఆ చనువు రావడానికి నెలలు పడుతుంది, ఊరెళ్లే ముందురోజు మొదలుపెడితే కుదరదు.

దొంగలు పడ్డ మర్నాడు

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని నవ్వుకుంటాం. ఆర్నెల్లంటే ఆలస్యమే. కానీ మర్నాడు మొరిగితే మాత్రం ఫలితం ఉంటుంది, ఎందుకంటే దొంగ మళ్లీ వస్తాడు. నేరాల మీద జరిగిన అధ్యయనాల్లో పదేపదే నిలబడిన విషయం ఇది. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో, ముఖ్యంగా ఆ తర్వాతి కొన్ని వారాల్లో, మళ్లీ పడే ప్రమాదం మిగతా ఇళ్లకంటే బాగా ఎక్కువ. లోపలికి దారి వాడికి తెలుసు. ఏ గదిలో ఏముందో తెలుసు. మొదటిసారి మోయలేక వదిలేసినవి గుర్తుంటాయి. పోయినవాటి చోట కొత్తవి కొంటారనీ తెలుసు. అదే సమయంలో చుట్టుపక్కల ఇళ్లకు కూడా రిస్కు పెరుగుతుంది.

ఈ సంగతిని ఆధారం చేసుకుని 1980ల్లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో ఒక ప్రయత్నం జరిగింది. అక్కడి కిర్క్‌హోల్ట్ కాలనీలో 2,280 ప్రభుత్వ ఇళ్లున్నాయి. 1985లో సగటున నాలుగిళ్లకు ఒకటి చొప్పున దొంగతనాలు జరిగాయి. నేరాల పరిశోధకుడు కెన్ పీజ్, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ కాలనీలో బాధితులతో, ఇరుగుపొరుగుతో, పట్టుబడ్డ దొంగలతో కూడా మాట్లాడారు. సగం దొంగతనాల్లో పోయింది నాణేలు వేస్తే పనిచేసే గ్యాస్, కరెంటు మీటర్లలోని డబ్బేనని తేలింది. ఇంటింటా ఒక హుండీ ఉన్నట్టు, అది ఎక్కడుంటుందో కూడా దొంగకు ముందే తెలిసినట్టు. ముందు ఆ మీటర్లను తీసేసే పని పెట్టుకున్నారు. దొంగతనం జరిగిన ఇంటికి వెంటనే తలుపులు, కిటికీలు గట్టి చేయించారు. తర్వాత ఆ ఇంటి చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లను అడిగారు, దీని మీద కాస్త కన్నేసి ఉంచుతారా అని. పట్టుపురుగు చుట్టూ గూడు ఉన్నట్టు బాధితుల చుట్టూ ఇరుగుపొరుగు ఉండాలని దానికి ఆ గూడు పేరే పెట్టారు. 1986-87లో 526 ఉన్న దొంగతనాలు 1989-90 నాటికి 132 అయ్యాయి.

ఇందులో గమనించాల్సింది కొలత. కాలనీ మొత్తాన్ని ఏడాది పొడవునా కనిపెట్టుకుని ఉండమంటే ఎవరివల్లా కాదు. ఎదుటిల్లు ఒక్కదాన్ని ఆరు వారాలు చూడమంటే ఎవరైనా చూస్తారు. దొంగలు పడ్డ ఇంటికి జనం వెళ్లడం ఎక్కడైనా ఉన్నదే. వెళ్లి ఏమేం పోయాయని అడిగి, తాళం సరిగ్గా వేయలేదా అని నాలుగు అక్షింతలు వేసి వస్తారు. ఆ పరామర్శలోనే "రాత్రిళ్లు మా కిటికీలోంచి చూస్తూ ఉంటాం, మీరు లేనప్పుడు ఒక మాట చెప్పి వెళ్లండి" అన్నది కలిస్తే కిర్క్‌హోల్ట్ పథకంలో ముఖ్యమైన భాగం అక్కడ జరిగిపోయినట్టే.

"ఎవరు కావాలండీ?"

1995లో షికాగోలో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ శాంప్సన్ బృందం నగరాన్ని 343 ప్రాంతాలుగా విడదీసి 8,782 మందిని ఇంటర్వ్యూ చేసింది. ఫలితాలు 1997లో వచ్చాయి. అడిగిన ప్రశ్నలు వింటే నేరాల గురించి అడుగుతున్నట్టే ఉండదు. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి చివర తిరుగుతుంటే మీ చుట్టుపక్కలవాళ్లు ఏమైనా అంటారా? గోడల మీద రంగు పూస్తుంటే ఆపుతారా? ఇంటి ముందు కొట్టుకుంటుంటే కలగజేసుకుంటారా? ఇక్కడివాళ్లను నమ్మవచ్చా? వీటికి ఔనన్న జవాబులు ఎక్కువగా వచ్చిన ప్రాంతాల్లో హింస తక్కువగా ఉంది. పేదరికం లాంటి తేడాలను లెక్కలో సరిచూసుకున్నాక కూడా ఆ సంబంధం పోలేదు. దీనికి ప్రాణస్నేహాలు అక్కర్లేదు. ఎదురుపడితే పలకరించుకునే ముఖపరిచయం, అవసరమైతే వీళ్లు నోరు విప్పుతారన్న నమ్మకం ఉంటే చాలు.

ఆ నమ్మకం బయటపడేది చిన్న చిన్న మాటల్లోనే. గేటు దగ్గర కొత్త మనిషి తచ్చాడుతుంటే "ఎవరు కావాలండీ?" అని అడగడం వాటిలో ఒకటి. అడ్రసు దొరక్క తిరుగుతున్నవాడికి అది సాయం. వేరే పని మీద వచ్చినవాడికి తనను ఒకరు చూశారన్న కబురు. అడిగినవాళ్లు ఎవరినీ అనుమానించలేదు, అవమానించలేదు, ప్రమాదంలోనూ పడలేదు. అయితే గొంతులో "అండీ" ఉండాలి. అదే ప్రశ్న "ఏయ్, ఎవరు నువ్వు?" అయితే ఫలితం వేరు.

పరిచయాలు లేనిచోట ఆ లోటును కమిటీలతో పూడ్చాలని చూస్తారు. ఇరుగుపొరుగు నిఘా బృందాలను అమెరికాలో జాతీయ కార్యక్రమంగా 1972లో మొదలుపెట్టారు. బ్రిటన్‌లో మొదటిది 1982లో చెషైర్‌లోని మాలింగ్టన్ అనే పల్లెలో పుట్టింది. అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో ఇవి ఉన్నచోట నేరాలు సగటున 16 నుంచి 26 శాతం తక్కువగా ఉన్నాయని తేలింది. కానీ ఈ బృందాలు ఎక్కడ సులువుగా ఏర్పడతాయంటే, అసలే నేరాలు తక్కువగా ఉండే, జనం స్థిరపడిన ప్రాంతాల్లో. అవసరం ఎక్కువున్నచోట ఒకరినొకరు నమ్మరు కాబట్టి మీటింగుకే రారు. మొదటి రెండు నెలల హడావుడి అయ్యాక బోర్డు మిగులుతుంది.

సీసీ కెమెరాల మీద ఆశలు కూడా కాస్త తగ్గించుకోవడం మంచిది. 40 ఏళ్ల అధ్యయనాలను కలిపి 2019లో వచ్చిన సమీక్ష ప్రకారం అవి నేరాలను సగటున 13 శాతం తగ్గించాయి. అందులోనూ ఎక్కువ ఫలితం కనిపించింది కార్ పార్కింగుల్లో. కెమెరా జరిగినదాన్ని రికార్డు చేస్తుంది, "ఎవరు కావాలండీ" అని అడగదు.

వెలుతురు, చెత్త

వీధిదీపాల విషయంలో సాక్ష్యాలు రెండు వైపులా ఉన్నాయి. 2016లో న్యూయార్క్‌లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాలను లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ పెద్ద లైట్ల స్తంభాలు పెట్టారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు 36 శాతం తగ్గాయి. మరోవైపు ఇంగ్లండ్, వేల్స్‌లో 62 స్థానిక సంస్థల పరిధిలో దీపాలు ఆర్పేయడం, మసకచేయడం వల్ల నేరాలు పెరిగాయా అని చూస్తే, పెరిగినట్టు ఆధారాలు దొరకలేదని 2015లో తేల్చారు. రెండూ నిజం కావచ్చు. చూసేవాళ్లు ఉన్నచోట లైటు వాళ్లకు పనికొస్తుంది. ఎవరూ చూడనిచోట దొంగకూ పనికొస్తుంది. కాబట్టి వెలగని స్తంభం గురించి ఫిర్యాదు చేసేటప్పుడు జనం నడిచే దారి, మెట్లు, పార్కింగ్ ముందు చూసుకోవాలి.

ఖాళీ స్థలాల గురించి మాత్రం సందేహం తక్కువ. ఫిలడెల్ఫియాలో చార్లెస్ బ్రానస్ బృందం 541 పాడుబడ్డ ఖాళీ స్థలాలను తీసుకుని, వాటిలో లాటరీగా ఎంచినవాటిని బాగుచేయించింది. చేసింది పెద్ద పనేమీ కాదు. చెత్త ఎత్తారు, నేల చదును చేశారు, గడ్డి, కొన్ని చెట్లు నాటారు, లోపలికి వెళ్లడానికి వీలుగా పొట్టి చెక్క కంచె వేశారు. పేద ప్రాంతాల్లో అలాంటి స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రకటించారు. పొదలు, చెత్త ఉన్నప్పుడు ఆయుధాలు దాచుకోవడానికి అది అనువైన చోటు. శుభ్రం చేశాక అక్కడ పిల్లలు ఆడతారు, పెద్దవాళ్లు కూర్చుంటారు. చూసే కళ్లు వాటంతట అవే వస్తాయి. ఒక ఆదివారం పదిమంది కలిస్తే చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా లాభసాటిది కనిపించడం కష్టం.

కన్ను మనిషి మీదా, పని మీదా?

ఇరుగుపొరుగు నిఘా వికటించిన సందర్భాలు కూడా తెలుసుకోవాలి. 2012 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు తాను అతిథిగా ఉంటున్న కాలనీలోకి నడిచి వస్తున్నాడు. అక్కడి నిఘా వాలంటీర్ ఒకరికి అతను అనుమానాస్పదంగా కనిపించాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. వెంబడించనక్కర్లేదని అవతలి నుంచి చెప్పారు. కొద్దిసేపటికి ఇద్దరి మధ్య గొడవ, తుపాకీ కాల్పు, కుర్రాడి మరణం. అతని దగ్గర ఆయుధం లేదు. ఆత్మరక్షణ వాదన విన్న జ్యూరీ 2013లో ఆ వాలంటీర్‌ను నిర్దోషిగా వదిలేసింది. భారతదేశంలో 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ మెసేజీలు నమ్మి, దారిన పోయేవాళ్లను గుంపులు కొట్టి చంపాయి. మెసేజీని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ అక్కడ పరిమితి పెట్టింది ఆ తర్వాతే. రెండు చోట్లా తప్పు ఒకటే. ఏం చేస్తున్నారన్నది వదిలేసి, ఎలా ఉన్నారన్నది చూశారు.

వరసగా కార్ల డోర్లు లాగి చూడటం, బెల్ కొట్టి ఎవరూ పలకకపోతే ఇంటి వెనక్కి వెళ్లడం, కిటికీలోంచి తొంగిచూడటం... ఇలాంటివి చెప్పాల్సినవి. రంగు, భాష, మాసిన బట్టలు నేరానికి గుర్తులు కావు. పోలీసులకు ఫోన్ చేస్తే పనికొచ్చేవి కూడా ఇలాంటి వివరాలే: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం చేస్తుండగా చూశారు, ఎటు వెళ్లారు, బండి నంబరు ఎంత. వెంటపడటం అందులో లేదు. గ్రూపులో ఫొటో పెట్టి "జాగ్రత్త, దొంగ" అని రాయడం అసలే లేదు.

అరిస్తే చాలు

1964 మార్చిలో న్యూయార్క్‌లో కిటీ జెనోవీస్ అనే యువతి హత్యకు గురైంది. 38 మంది చూస్తూ ఊరుకున్నారని అప్పట్లో పత్రికలో వచ్చిన కథనం ప్రపంచమంతా తిరిగింది. జనం ఎక్కువైతే ఎవరికి వారు ఇంకొకరు చూసుకుంటారులే అనుకుంటారని 1968లో మనస్తత్వశాస్త్ర ప్రయోగాలు కూడా జరిగాయి. ఆ 38 మంది లెక్క అతిశయోక్తి అని తర్వాత తేలింది. ఒకాయన కిటికీలోంచి అరిస్తే హంతకుడు కాసేపు పారిపోయాడు కూడా. అరిచాక కిందికి దిగినవాళ్లు లేకపోవడంతో తిరిగొచ్చాడు. చివరికి పొరుగింటి ఆవిడ ఒకరు పరుగెత్తుకొచ్చి ఆ అమ్మాయిని ఒడిలో పట్టుకుంది. 2019లో బ్రిటన్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లోని 219 వీధి గొడవల కెమెరా దృశ్యాలను పరిశీలిస్తే, పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. చుట్టూ జనం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ అవకాశం ఇంకా పెరిగింది. జనం మనం అనుకునేంత రాతిమనుషులేమీ కాదు.

కలగజేసుకోవడమంటే కలబడటం కాదు. గట్టిగా పిలవడం, లైట్లు వేయడం, అత్యవసర నంబరుకు ఫోన్ చేయడం, ఇంకో ఇద్దరిని కేకేయడం. నాలుగు గోడల మధ్య జరిగే హింసకు కూడా ఇది వర్తిస్తుంది. 2008లో భారతదేశంలో మొదలైన 'బెల్ బజావో' ప్రచారం అడిగింది అదే. పక్కింట్లో భార్యను కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టండి, ఏదో ఒక చిన్న సాకు చెప్పండి. తలుపు తెరిచేసరికి దెబ్బ ఆగుతుంది, వింటున్నవాళ్లున్నారని లోపల తెలుస్తుంది. ఆ తర్వాత బాధితురాలితో ఒంటరిగా మాట్లాడి, ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగాలి.

ఇక అసలు ప్రశ్న. ఈ సందులో కుదరకపోతే దొంగ పక్క సందుకు పోడా? కొన్నిసార్లు పోతాడు. 102 అధ్యయనాలను కలిపి 2009లో వచ్చిన సమీక్షలో అలా నేరం పక్కకు జరిగిన దాఖలాలు 26 శాతం పరిశీలనల్లో కనిపించాయి. ఏ చర్యా తీసుకోని పక్క ప్రాంతంలో కూడా నేరాలు తగ్గిన దాఖలాలు 27 శాతంలో కనిపించాయి. పక్క సందులో కూడా చూసేవాళ్లుంటారేమోనని దొంగ భయపడతాడు మరి.

ఇప్పుడు దొంగ ఏ సందులోకీ రానక్కర్లేదు, ఫోన్ చేస్తే చాలు. అక్కడ కూడా లెక్క మారలేదు. పోలీసునని, బ్యాంకు నుంచని చెప్పి భయపెట్టేవాడు బాధితులను ముందుగా ఒంటరి చేస్తాడు. లైన్ కట్ చేయొద్దంటాడు, గది తలుపు వేసుకోమంటాడు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంటికి రోజూ వెళ్లే అలవాటు ఒక పక్కింటివాళ్లకు ఉండి, "ఎవరండీ ఇంతసేపు ఫోన్లో, అంత టెన్షన్‌గా ఉన్నారేంటి?" అని అడిగితే అవతలివాడి పని చెడుతుంది. అది వాడికి బాగా తెలుసు. అందుకే మొదటి నిమిషంలోనే చెబుతాడు, ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని.